తేలిక మజిల్‌లోడర్‌కి ఇత్తడి పౌడర్ మెజర్ ఎలా ఉందంటే

నాది .50 క్యాలిబర్ మజిల్‌లోడర్, అంటే మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించి కాల్చే తుపాకీ, బాగా తేలిక, మోయడానికి హాయిగా ఉంటుంది గానీ తుపాకీ మందు (పౌడర్) కాస్త ఎక్కువ పడిందంటే భుజం మీద గట్టిగా తంతుంది. అందుకే మందు కొలిచి పోసే ఈ ఇత్తడి మెజర్ తీసుకున్నా. 120 గ్రెయిన్ల (మందు లెక్కకి వాడే చిన్న కొలమానం) దాకా గీతలున్నాయి, కావాల్సిన గీత దాకా కడ్డీ కిందకి లాగి స్క్రూ బిగించడమే, మందు పోశాక పైనున్న గరాటుని పక్కకి తిప్పితే అంచు మీద మిగిలింది అదే తోసేస్తుంది. ఆ గరాటు కోసమైనా కొనొచ్చు అనిపించింది.

రెండు ఎఫ్‌ల (FFg, పలుకు సైజు గుర్తు) బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్ల మందు, ప్యాచ్ (గుడ్డ ముక్క) చుట్టిన గుండుతో 50 దగ్గర మొదలుపెట్టి ఐదేసి పెంచుకుంటూ వెళ్లా. 60 దగ్గర గుండ్లన్నీ దగ్గర దగ్గరగా పడ్డాయి, 80కి వచ్చేసరికి అవి చెదిరిపోయి తన్ను మాత్రం పెరిగింది, ఇంకెందుకు చెప్పండి అంత మందు. ఇవి నా రైఫిల్ లెక్కలు, నా మాన్యువల్ లిమిట్ లోపలివే, మీరు మీ మాన్యువల్ చూసే మొదలుపెట్టండి. ఛార్జ్ (ఒక్కసారికి పోసే మందు) మార్చినప్పుడల్లా ర్యామ్‌రాడ్ (గుండుని గొట్టంలోకి తోసే కర్ర) మీద, గుండు మందుకి ఆనిందని చూపే గుర్తు కూడా మార్చుకోవాలి, గుండు మందుకి ఆనకుండా మధ్యలో ఆగితే గొట్టమే పగలొచ్చు. స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో వాడే మందు) అయితే చిటికెడు కూడా వద్దు.

పైరోడెక్స్ (బ్లాక్ పౌడర్‌కి బదులు వాడే మందు) వాడేవాళ్లకి కూడా ఇదే కరెక్ట్, ఎందుకంటే దాన్ని తూకంతో కాదు ఇలా కొలతతోనే వేయాలి, అది బ్లాక్ పౌడర్ కన్నా తేలిక కాబట్టి త్రాసు మీద 60 తూచి పోస్తే ఛార్జ్ ఎక్కువైపోతుంది. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పోసే అలవాటుంటే ఇప్పుడే మానేయండి, లోపల నిప్పు రవ్వ మిగిలుంటే డబ్బా మొత్తం చేతిలోనే అంటుకుంటుంది, మెజర్‌లో అయితే ఉండేది ఒక్క ఛార్జే.

లోపాలా, ఉన్నాయి. గీతలు పదేసి గ్రెయిన్లకే ఉన్నాయి, 55 కావాలంటే మధ్యలో అంచనాగా పెట్టుకోవాలి. స్క్రూ ఇంకా చిరాకు, కాసేపు కాల్చాక వదులై కడ్డీ జారుతోంది, ప్రతిసారీ పోసేముందు గీత చూసుకోవాల్సిందే. ఇంకోటి, ప్రతిసారీ ఒకేలా తట్టి నింపండి, ఒకసారి తట్టి ఒకసారి తట్టకపోతే అదే గీత దగ్గర కూడా మందు తేడా వస్తుంది.

ఐదుకి నాలుగు ఇస్తా, ఆ ఒకటి స్క్రూకి కోత.