కుమారజీవుడు, హ్యూయెన్ త్సాంగ్: అనువాదంలో రెండు మార్గాలు
బౌద్ధ గ్రంథాలను సంస్కృతం నుండి చైనా భాషలోకి అనువదించినవారిలో కుమారజీవుడు, హ్యూయెన్ త్సాంగ్ ప్రముఖులు. మధ్య ఆసియాలోని కూచా రాజ్యంలో భారతీయ తండ్రికి, అక్కడి రాజకుమార్తెకు జన్మించిన కుమారజీవుడు చైనా సేనకు బందీగా చిక్కి, వాయవ్య చైనాలోని లియాంగ్‌జౌలో ఏళ్ల తరబడి నిర్బంధంలో గడిపి, 401లో గాని నాటి రాజధాని చాంగాన్ చేరలేకపోయాడు. చైనా భాషపై ఆయనకు పట్టు చిక్కింది బహుశా ఆ కష్టకాలంలోనే. 645లో భారతదేశం నుండి గ్రంథాలతో చైనాకు తిరిగివెళ్లిన హ్యూయెన్ త్సాంగ్ మూలానికి గట్టిగా కట్టుబడి, మహాప్రజ్ఞాపారమిత అనే సుదీర్ఘ బౌద్ధ గ్రంథాన్ని కుదించకుండా 600 భాగాలుగా అనువదించాడు. కుమారజీవుడు పునరుక్తులను తగ్గించి, చెవికింపైన శైలిని ఎంచుకున్నాడు.

మూలాన్ని పరిశోధించే పండితుడికి హ్యూయెన్ త్సాంగే ఎక్కువ ఉపయోగపడతాడు. అయినా చైనాలో నేటికీ ప్రధానంగా పారాయణ చేసే సద్ధర్మపుండరీకం, వజ్రచ్ఛేదిక అనే బౌద్ధ సూత్రాల పాఠాలు కుమారజీవుడివే కనుక, నా మొగ్గు ఆయనవైపే. ధాన్యకటక (అమరావతి) ప్రాంతాన్ని స్వయంగా దర్శించిన యాత్రికుడిగా తెలుగువారు హ్యూయెన్ త్సాంగ్‌ను తలచుకుంటారు. నాగార్జునుడి శూన్యవాద గ్రంథమైన మూలమధ్యమక కారికలను చైనాకు అందించిన కుమారజీవుడినీ అంతే ఆదరంతో తలచుకోవాలి.