క్రూజ్ బ్లాక్‌జాక్ టోర్నమెంటు: మూడో బహుమతి వచ్చింది, డబ్బు రాలేదు

గాల్వెస్టన్ నుంచి మెక్సికో వైపు వెళ్ళే క్రూజ్‌లు ఎక్కే మనవాళ్ళు డాలస్‌లో, హ్యూస్టన్‌లో బాగానే ఉన్నారు. షిప్‌లో బ్లాక్‌జాక్ (21 దాటకుండా, ముక్కలు పంచే డీలరు కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన పేకాట) టోర్నమెంటు పోస్టరు చూసి పర్సు తీసేముందు వాళ్ళు ఇది చదివితే మంచిది. మా ఆవిడ ఫైనల్‌కి వెళ్ళింది, మూడో బహుమతి కొట్టింది, చేతికి మాత్రం ఒక్క డాలరు రాలేదు. ఆ మంట ఇంకా ఆరలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు మామూలు సంగతులు. డాలస్ నుంచి కారులో ఐదు గంటలు పట్టింది. అత్తగారు అడిగారని కొంచెం పక్కకి తిరిగి పేర్లండ్‌లో మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకుని వెళ్ళాం. పోర్టు దగ్గర పార్కింగ్ రోజుకి 25 డాలర్లు. కిటికీ లేని గది ఇద్దరికి టాక్సులతో కలిపి 1,040. టిప్పులు మనిషికి రోజుకి 18 డాలర్లు, మనల్ని అడక్కుండానే గది ఖాతాలో పడిపోతాయి. అత్తగారి పాస్‌పోర్టులో అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉంది కాబట్టి మెక్సికోకి వేరే వీసా అక్కర్లేకపోయింది. షిప్ ఆగిన మెక్సికో దీవి కోజుమెల్ బాగుంది. నీళ్ళు నీలంగా ఉన్నాయి, ఎండ మాడ్చేసింది, అంతే.

ఇక కేసినో. షిప్ రేవులో ఉన్నంతసేపూ అది మూసే ఉంటుంది. అంతర్జాతీయ జలాల్లోకి వెళ్ళాకే దీపాలు వెలుగుతాయి. అందుకే టోర్నమెంట్లన్నీ రోజంతా సముద్రం మీదుండే రోజుల్లోనే పెడతారు. మా షిప్‌లో భోజనాల హాలుకి వెళ్ళాలంటే కేసినో మధ్యలోంచే దారి. లోపల సిగరెట్లు కాల్చుకోనిస్తారు. పూటపూటా అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇదేం కర్మ నాయనా, అన్నం తినడానికి పొగలోంచి పోవాలా" అంటూ నడిచేవారు.

టోర్నమెంటు ఎంట్రీ 30 డాలర్లు. కట్టినవాళ్ళందరికీ సమానంగా వెయ్యి టోర్నమెంటు చిప్స్ (పందెం బిళ్ళలు) ఇస్తారు. వాటిని డబ్బుగా మార్చుకోలేం, స్కోరు లెక్కకే. టేబులుకి ఆరుగురు, ఏడు హ్యాండ్లు (ముక్కలు పంచి ఆడే ఆటలు), కనీస పందెం 50, పై పరిమితి లేదు. ఏడూ అయ్యేసరికి మీ దగ్గరున్న చిప్సే మీ స్కోరు. మధ్యాహ్నమంతా ఇలా టేబులు తర్వాత టేబులు ఆడించి, అన్నిట్లో పెద్ద స్కోర్లు చేసిన ఆరుగురిని సాయంత్రం ఫైనల్‌కి పిలుస్తారు. పోయినవాళ్ళు 20 డాలర్లు కట్టి మళ్ళీ కూర్చోవచ్చు. దాన్నే రీబై అంటారు, ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పెద్ద టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన నాలుగుసార్లు రీబై చేశాడు. అంటే ఎంట్రీతో కలిపి 110 డాలర్లు.

మా తోడల్లుడు, నేను అన్నయ్య అని పిలుస్తాను, పేకాటలో దిట్ట. ఏ ముక్కలకి ఆగాలో, ఏ ముక్కలకి ఇంకోటి అడగాలో రాసి ఉండే స్ట్రాటజీ కార్డు కూడా తెచ్చుకున్నాడు. దాన్ని టేబులు మీద పెట్టుకుని చూస్తున్నా డీలరు ఏమీ అనలేదు. అన్నయ్య కార్డు ప్రకారం తప్పు లేకుండా ఆడాడు, చిన్న చిన్న పందేలతో 1,150 చేశాడు, అక్కడితో బయటికొచ్చేశాడు. ఆరుగురిలో ఒకడు కావాలంటే ఆ స్కోరు ఎందుకూ కొరగాదు. వెయ్యిని రెండు వేలు చెయ్యాలి, లేదా పోగొట్టుకోవాలి. మా ఆవిడ నాలుగో హ్యాండులో 500 పెట్టింది, ఆరులో ఇంకో 500 పెట్టింది, రెండూ నెగ్గింది. "అదృష్టం, అంతే" అని అన్నయ్య గొణిగాడు. "బావగారూ, మీరు డీలరుతో ఆడారు, నేను స్కోరు బోర్డుతో ఆడాను" అంది ఈవిడ. రాత్రి భోజనం దాకా ఆయన మాట్లాడలేదు.

ఫైనల్లో ఎవరు ముందు పందెం కాయాలో చెప్పే బటన్ హ్యాండు హ్యాండుకీ పక్కవాళ్ళకి జరుగుతుంది. చివర కాసేవాళ్ళకి అందరి పందేలూ కనిపిస్తాయి కాబట్టి వాళ్ళదే పైచెయ్యి. చివరి హ్యాండుకి ముందు డీలరు అందరి చిప్సూ లెక్కపెట్టి గట్టిగా చెప్పాడు. టోపీ పెద్దాయన 2,200, మా ఆవిడ 1,850, ఒక కుర్రాడు 900. మిగతా ముగ్గురూ అప్పటికే ఖాళీ. బటన్ టోపీ ఆయన ముందుంది. ఆయన కాసేపు ఆలోచించి 300 పెట్టాడు. అదెంత తెలివైన పందెమో నాకు తర్వాత వెలిగింది. ఓడినా 1,900 మిగులుతాయి. కుర్రాడు ఉన్నదంతా పెట్టి మామూలుగా నెగ్గినా 1,800 దగ్గరే ఆగుతాడు. మా ఆవిడ ఆయన నెగ్గితే ఎంతవుతుందో లెక్కేసి, 2,500 దాటాలని 700 పెట్టింది. కుర్రాడు 900 మొత్తం ముందుకి తోసేశాడు.

డీలరు చూపించిన ముక్క ఆరు. మా ఆవిడకి 19 పడింది, ఆగింది. టోపీ ఆయన 12 మీద ఆగాడు, ఆరుకి అదే సరైన ఆట. కుర్రాడికి ఆసు, రాజు, మొదటి రెండు ముక్కల్లోనే 21. బ్లాక్‌జాక్! డీలరు రెండో ముక్క తిప్పితే పది, మొత్తం 16. ఇంకోటి లాగాడు. అయిదు. ఇరవై ఒకటి. బ్లాక్‌జాక్ పడ్డ కుర్రాడు తప్ప అందరూ ఓడినట్టే. మా వదిన నా చెయ్యి గిల్లేసింది, గోళ్ళ గుర్తులు పడ్డాయి. ఇక్కడ బ్లాక్‌జాక్‌కి 5కి 6 చొప్పున ఇస్తారు కాబట్టి కుర్రాడి 900కి 1,080 వచ్చి 1,980 అయింది. టోపీ ఆయన 1,900. ఎనభై చిప్స్ తేడా! మా ఆవిడ 1,150తో మూడో స్థానం.

ఇంతవరకూ ఆటగా చూస్తే భలే ఉంది, కాదనను. చిక్కంతా బహుమతి దగ్గరే. పోస్టరులో "నగదు బహుమతులు" అని ఉంది. ఎంట్రీ కట్టేటప్పుడు కౌంటరులో అడిగితే కూడా క్యాష్ అనే చెప్పారు. తీరా చూస్తే నగదు మొదటి స్థానానికే, 300 డాలర్లు. రెండో స్థానానికి 100, మూడో స్థానానికి 50 డాలర్ల "ఫ్రీ ప్లే". మా ఆవిడ వెళ్ళి అడిగితే కౌంటరులో ఉన్నతను ఎంట్రీ ఫారం తిరగేసి, వెనక బూడిదరంగులో ఉన్న రూల్సు వేలితో చూపించి, పక్కవాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టాడు. క్షమించండి అన్న ముక్క కూడా లేదు.

ఫ్రీ ప్లే చిప్‌ని క్యాష్ చేసుకోలేం, ఏదైనా టేబులు మీద పందెంగానే పెట్టాలి. నెగ్గితే 50 డాలర్లు ఇచ్చి ఆ చిప్ తీసేసుకుంటారు, ఓడితే చిప్ పోయినట్టే. అంటే దాని అసలు విలువ సగం కంటే కొంచెం తక్కువే. పైగా ఆ రాత్రికే గడువు. మా ఆవిడ పెట్టింది, డీలరుకి ఇరవై వచ్చింది, పోయింది. 110 ఖర్చుపెట్టిన టోపీ ఆయనకి దక్కింది కూడా ఇదే సరుకు.

మామూలు టేబుళ్ళు ఇంకా అన్యాయం. కనీస పందెం 15. పాత పద్ధతిలో బ్లాక్‌జాక్‌కి 22.50 రావాలి, ఇక్కడ 18 ఇస్తారు. బ్లాక్‌జాక్ సగటున 21 హ్యాండ్లకి ఒకసారి పడుతుంది. గంటకి అరవై హ్యాండ్లు ఆడితే ఈ ఒక్క తేడాకే సుమారు 13 డాలర్లు వదులుతాయి. గది కార్డు మీద చిప్స్ తీసుకుంటే మా షిప్‌లో అదనంగా 3 శాతం గుంజారు. ఆడేట్టయితే నగదు తీసుకెళ్ళండి. నా మాటకొస్తే, 30 డాలర్లకి ఒక మధ్యాహ్నం కాలక్షేపం అనుకుని టోర్నమెంటు ఒక్కసారి ఆడండి, రీబై జోలికి పోవద్దు. మొదటి మూడు స్థానాలకీ నగదేనా అని కాగితం మీద చూపించమనండి. స్లాట్ మెషీన్ల టోర్నమెంటు కూడా ఉంటుంది. మెషీన్ బటన్ బాదడమే, అందులో ఆటే లేదు.

షిప్‌లో నోరారా మెచ్చుకోదగ్గది వంట. మొదటి రాత్రే హెడ్ వెయిటరుకి మా అత్తగారు శాకాహారి అని చెప్పాం. మర్నాటి నుంచి మెనూలో లేని పప్పు, కాలీఫ్లవర్ కూర, జీలకర్ర అన్నం విడిగా చేయించి పెట్టాడు, పైసా అదనం లేకుండా. ఫైనల్ అయిన రాత్రి, అడక్కపోయినా, చిన్న గిన్నెలో నిమ్మకాయ ఊరగాయ తెచ్చాడు. వంటవాళ్ళు తమ కోసం దాచుకున్నదట. అత్తగారు అతన్ని దీవించి, "ఆ కేసినో కూడా ఇతనికే అప్పజెప్పండి" అన్నారు. అన్నయ్య అప్పటికి నవ్వాడు.

ఇంకో సంగతి. మిగిలిన చిప్స్ ఆఖరి రాత్రే మార్చేసుకోండి. పొద్దున్నే రేవు చేరాక కేసినో తెరవరు, ఆ చిప్స్ బయట ఎక్కడా చెల్లవు. అన్నయ్య జేబులో 25 డాలర్ల చిప్ ఒకటి ఉండిపోయింది. కస్టమ్స్ లైన్లో దొరికింది.