చదివిన కాలేజీలో సినిమా ఆట: అద్దె ప్రొజెక్షన్ సర్వీసులకు ఎన్ని మార్కులు?

పేరొచ్చిన నటులు సొంతూరికి వచ్చి తమ సినిమాలు ఒకటి రెండు వేయించుకుంటే, ఊళ్లోని థియేటర్‌లో ఆటకు పెద్ద బెంగ ఉండదు. చిక్కల్లా వాళ్లు చదివిన కాలేజీ ఆడిటోరియంతోనే. అది ఉపన్యాసాలకు కట్టిన హాలు. అక్కడికి ప్రొజెక్టరు, తెర, రెండు స్పీకర్లు, ఇద్దరు మనుషులను కలిపి పంపే అద్దె సర్వీసులను ఈ ఒక్క పనికే తూకం వేస్తే, బొమ్మకు మంచి మార్కులు పడతాయి. మాటకు మాత్రం అత్తెసరు.

ముందు బొమ్మ. 20 అడుగుల వెడల్పున్న 16:9 తెర వైశాల్యం 225 చదరపు అడుగులు. తెర మీది వెలుగును కొలిచే ఫుట్‌లాంబర్ట్‌లలో థియేటర్ ప్రమాణం 14. మామూలు తెల్ల తెర మీద ఆ వెలుగు రావాలంటే 3,150 ల్యూమెన్లు (ప్రొజెక్టర్ వెదజల్లే వెలుగుకు కొలత) పడాలి. ప్రొజెక్టర్ పెట్టె మీద రాసిన అంకె వేరు, రంగులు సరిచేశాక చేతికొచ్చేది వేరు కాబట్టి 6,000కు తగ్గితే ఒప్పుకోకపోవడం మంచిది. సాధారణంగా ఆ మేరకు తెస్తారు, అందులో పేచీ లేదు. పగటి ఆటకు కిటికీలు మూయకపోతే మాత్రం ఎన్ని ల్యూమెన్లున్నా దండగే. తెర మీద పడ్డ పగటి వెలుగును ఏ ప్రొజెక్టరూ వెనక్కి లాగలేదు, రాత్రి సీన్లన్నీ బూడిద రంగులో తేలతాయి.

లెన్స్ సంగతి వాళ్లు అడగరు, మనమే చెప్పాలి. మామూలుగా వచ్చే లెన్స్‌కు దూరం వెడల్పుకు ఒకటిన్నర రెట్లు అనుకుంటే, 20 అడుగుల బొమ్మకు ప్రొజెక్టర్ 30 అడుగుల్లో, అంటే కుర్చీల నడుమ కూర్చుంటుంది. 80 అడుగుల వెనకనున్న గదిలోంచి వేయాలంటే 4 నిష్పత్తి లెన్స్, అంటే దూరం వెడల్పుకు నాలుగు రెట్లుండేది, కావాలి. ముందు చెప్పకపోతే ప్రొజెక్టర్‌ను ఓ మూలకు జరిపి కీస్టోన్‌తో, అంటే వంకరను ఎలక్ట్రానిక్‌గా దిద్దే సెట్టింగ్‌తో, బొమ్మను నలుచదరం చేస్తారు. దాంతో సబ్‌టైటిళ్ల అంచులు రంపపు పళ్లలా కనిపిస్తాయి. లెన్స్ షిఫ్ట్ (ప్రొజెక్టర్‌ను వంచకుండా లెన్స్‌నే జరిపే వీలు) ఉన్న మోడల్ తెమ్మని గట్టిగా అడగాలి.

అసలు పోయేది సౌండ్ దగ్గర. ఇలాంటి ఆటల్లో మామూలుగా జరిగేది ఇదీ: నేపథ్య సంగీతం హోరెత్తిపోతుంటుంది, నటుడి మాట మాత్రం పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు, హోరు పెరుగుతుంది తప్ప మాట పెరగదు. కారణం చిన్నది. 5.1 మిక్స్‌లో, అంటే ఆరు ఛానళ్ల సౌండ్‌లో, డైలాగ్ దాదాపు అంతా సెంటర్ ఛానల్‌లో ఉంటుంది. ఫైల్ ఆరు ఛానళ్లలో ఆడుతుంటే, మిక్సర్‌కు ఎడమ, కుడి రెండే తగిలించారు. సెంటర్ ఎక్కడికీ వెళ్లలేదు. ప్లేయర్‌లో స్టీరియో డౌన్‌మిక్స్ పెడితే, అంటే సెంటర్‌ను కూడా ఎడమ, కుడిల్లో కలిపేస్తే సరిపోతుంది, తెర వెనకో కిందో మూడో స్పీకర్ పెట్టిస్తే ఇంకా మేలు. అందుకే సౌండ్ చెక్‌కు పాట వేసి తలూపే ఆపరేటర్‌ను నమ్మకూడదు. ఇద్దరు గుసగుసగా మాట్లాడుకునే సీన్ రెండు నిమిషాలు వేయించి, ఆఖరి వరసలో కూర్చుని వినాలి. ఖాళీ హాల్లో ప్రతిధ్వని కొంత ఎక్కువే ఉంటుంది, జనం నిండాక తగ్గుతుంది. వెనక వరసల కోసం ముందు స్పీకర్లకు 40 అడుగుల దూరంలో అదనపు స్పీకర్లు పెడితే వాటికి సుమారు 35 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) ఇవ్వాలి. లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

పెదాలకూ మాటకూ పొంతన కుదరకపోతే వైర్‌లెస్ హెచ్‌డీఎంఐని, అంటే కేబుల్ లేకుండా ప్రొజెక్టర్‌కు బొమ్మ పంపే పరికరాన్ని, అనుమానించండి. బొమ్మ ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగా వస్తుంది. 24 ఫ్రేముల సినిమాలో ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. నటన గురించే మాట్లాడుకోబోయే సభలో ఇది క్షమించరాని తప్పు.

సినిమా ఏ రూపంలో వస్తుందన్నది నిర్మాతతో ముందే తేల్చుకోవాలి. లాక్ చేసిన డీసీపీ (థియేటర్లకు పంపే డిజిటల్ సినిమా ఫైళ్ల కట్ట) మామూలు ల్యాప్‌టాప్‌లో ఆడదు. దాని కీ, అంటే కేడీఎం, ఒక ఫలానా సర్వర్‌కే, ఫలానా వేళలకే పనిచేస్తుంది. చాలామంది ఆట వేళ నుంచే కీ అడుగుతారు, దాంతో ముందురోజు ట్రయల్ వేసుకునే వీలుండదు. గడువు ముందురోజు ఉదయం నుంచి అడగాలి. రెండు గంటల సినిమా గరిష్ఠ రేటులో 225 జీబీ దాకా వస్తుంది. సెకనుకు 35 ఎంబీ చొప్పున నడిచే పాత యూఎస్‌బీ పోర్టులో కాపీకే గంటా నలభై ఐదు నిమిషాలు పోతాయి. ఓటీటీలో ఉంది కదా, అక్కడి నుంచే వేసేద్దాం అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ఆ చందా ఇంట్లో చూసుకోవడానికే, సభలో వేసే హక్కు అందులో రాదు. పైగా మధ్యలో స్ప్లిట్టర్ (ఒక సిగ్నల్‌ను రెండు మూడు చోట్లకు పంచే పెట్టె) కాపీ రక్షణను ఒప్పుకోకపోతే తెర నల్లగా మిగులుతుంది.

ఇక ప్రశ్నలూ జవాబులూ. సినిమా స్పీకర్లు తెర పక్కనే, వేదిక వెనక ఉంటాయి. నటుడి కుర్చీ వాటికి ముందు వేస్తే చేతిలోని మైక్ కుయ్యిమంటుంది. మాటలకు వేదిక ముందు అంచున రెండు చిన్న స్పీకర్లు విడిగా పెట్టించాలి, ఆ సమయానికి పెద్ద స్పీకర్లకు మైక్ పంపకూడదు. ప్యాకేజీలో ఒక్కటే కార్డ్‌లెస్ మైక్ వస్తుంది. ప్రేక్షకులకు రెండు, వేదికకు రెండు కావాలి. ప్రేక్షకుల మైక్ వాళ్ల చేతికి ఇవ్వకుండా కార్యకర్తే పట్టుకుంటే ప్రశ్న ఉపన్యాసం కాదు.

సినిమా అయ్యాక ప్రొజెక్టర్ వెలుగు నటుడి మొహం మీద పడుతూ, వెనక ఆపరేటర్ గారి డెస్క్‌టాప్ ఐకాన్లు మెరుస్తూ ఉండటం చాలాచోట్ల కనిపించే దృశ్యం. ప్రొజెక్టర్‌ను ఆపేయమంటే ల్యాంప్ మోడళ్లు చల్లబడి మళ్లీ వెలగడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. రెండో సినిమా ఉంటే అదో ఆలస్యం. ఆపనక్కర్లేదు, వెలుగుకు అడ్డుపడే షటర్ మూయమనండి.