కాక్టో ట్విన్స్: ఏళ్ల తరబడి విన్నాక

కాక్టో ట్విన్స్ పాట ఎవరికి వినిపించినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "ఆవిడ ఏం పాడుతోంది?" ఇన్నేళ్లుగా వింటున్న నాకే సగం పాటల్లో దానికి పూర్తి జవాబు తెలియదు. తెలుసుకోవాలన్న తొందర కూడా లేదు. ఈ బ్యాండ్ నాకు ఇంతకాలంగా పాతబడకపోవడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం. అర్థం తెలిసిపోయిన పాటని మనం ఎప్పుడో ఒకప్పుడు పక్కన పెట్టేస్తాం. ఈ పాటలు అలా పక్కన పెట్టనివ్వవు.

తెలియనివాళ్ల కోసం కాస్త పరిచయం. స్కాట్లాండ్‌లో గ్రేంజ్‌మౌత్ అని ఒక ఊరుంది. 2025 దాకా చమురు శుద్ధి కర్మాగారం నడిచిన ఊరు. అక్కడ 1979లో రాబిన్ గుత్రీ అనే గిటారిస్టు, విల్ హెగ్గీ అనే బేసిస్టు కలిసి బ్యాండ్ పెట్టుకున్నారు. ఎలిజబెత్ ఫ్రేజర్ అదే ఊరి పిల్ల. గుత్రీ రికార్డులు వేసే డిస్కోకి వచ్చి డ్యాన్స్ చేస్తుండేది. ఆమెని చూసి, పాడతావా అని వాళ్లే అడిగారు. 1982లో ఫోర్ ఏడీ అనే చిన్న లండన్ కంపెనీ వాళ్ల మొదటి ఆల్బమ్ విడుదల చేసింది. మరుసటి ఏడాది హెగ్గీ వెళ్లిపోయాడు, సైమన్ రేమండ్ వచ్చాడు. 1997లో విడిపోయేదాకా ఈ ముగ్గురే. డ్రమ్మర్ లేడు, ఆ పని డ్రమ్ మెషీనే చేసేది.

ఇక ఆ గొంతు. "హెవెన్ ఆర్ లాస్ వేగస్" ఆల్బమ్‌లో మొదటి పాట "చెర్రీ కలర్డ్ ఫంక్" ఒక్కటి తీసుకుంటే చాలు. గిటారు సన్నగా ఊగుతూ మొదలవుతుంది. ఫ్రేజర్ మంద్రంలో, దాదాపు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చరణం అందుకుంటుంది. మాటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తాయి, ఎక్కడా పూర్తిగా తెగవు. పల్లవి దగ్గరికి వచ్చేసరికి ఏ హెచ్చరికా లేకుండా గొంతు ఒక్క ఊపున తారస్థాయికి వెళ్లిపోతుంది. అక్కడ ఆమె అరవదు, బలం చూపించదు. పైకి వెళ్లాక ఇంకా తేలికవుతుంది. ఆ మార్పు జరిగే క్షణం ఎక్కడ వస్తుందో నాకు బాగా తెలుసు. అయినా ప్రతిసారీ ఒంట్లో ఏదో కదులుతుంది.

రెండో విషయం, ఆమె ఒక్కతే ఇద్దరు ముగ్గురిలా పాడుతుంది. స్టూడియోలో తన గొంతు మీద తనే ఇంకో గొంతు వేసుకుంటుంది. 1984లో వచ్చిన "ట్రెజర్"లో "లోరెలై" అనే పాట ఉంది. అందులో ఒక గొంతు వాక్యం ముగించేలోపే పైనుంచి రెండోది అందుకుంటుంది. ఏది ప్రధానం, ఏది వంత అని విడదీయలేం. మనకి కర్ణాటక కచేరీల్లో ఆలాపన, తానం విన్న అలవాటుంది కాబట్టి, మాట అక్కర్లేకుండా గొంతు ఎంత దూరం వెళ్లగలదో కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఫ్రేజర్ దగ్గర రాగం కట్టుబాటు లేదు, పెద్ద శిక్షణా లేదు. ఆ మెలికలు, ఆ విరుపులు, స్వరం మధ్యలో చటుక్కున తెగి మళ్లీ అతుక్కోవడం, అన్నీ ఆమె సొంతం. ఆమెని అనుకరించినవాళ్లు చాలామంది వచ్చారు. ఆ గాలితనం పట్టుకున్నారు గానీ ఆ తెంపు పట్టుకోలేకపోయారు.

ఒకసారి వంటింట్లో ఫోన్‌లో పెట్టుకుని కూరగాయలు తరుగుతుంటే అమ్మ వచ్చి, "ఏ భాషే ఇది?" అంది. ఇంగ్లీషే అంటే నమ్మలేదు. కాసేపు విని, "ఏ భాషయితేనేం, బాధపడుతోందో సంతోషపడుతోందో తెలియట్లేదు, రెండూ ఉన్నట్టున్నాయి" అని తన పనిలో పడింది. ఈ బ్యాండ్ మీద నేను చదివిన సమీక్షల్లో చాలావాటికన్నా అమ్మ మాటే నాకు సరిగ్గా అనిపిస్తుంది.

ఆ మాటలు ఎక్కడివి అంటే, ఫ్రేజర్ పుస్తకాల్లోంచి, తనకి రాని భాషల్లోంచి కూడా శబ్దం నచ్చిన పదాలు ఏరుకుని రాసుకునేది. 1986లో వచ్చిన "విక్టోరియాలాండ్"నే చూడండి. ఆ పేరు అంటార్కిటికాలోని ఒక ప్రాంతానిది. పాటల పేర్లు కొన్ని ప్రకృతి మీద సినిమాలు తీసే డేవిడ్ అటెన్‌బరో పుస్తకంలోంచి తీసుకున్నవి. ఆ ఆల్బమ్‌కి రేమండ్ అందుబాటులో లేడు, కాబట్టి బేస్ లేదు, డ్రమ్ మెషీన్ కూడా దాదాపు లేదు. గిటారు, గొంతు, అంతే. మధ్యమధ్యలో బయటినుంచి వచ్చిన రిచర్డ్ థామస్ శాక్సోఫోన్, తబలా వాయించాడు. స్కాట్లాండ్ బ్యాండ్, అంటార్కిటికా పేరు, అందులో మన తబలా! దాన్ని గుర్తుపట్టిన రోజు మా అన్నయ్యకి ఫోన్ చేసి మరీ వినిపించాను. వేసవి రాత్రి కరెంటు పోయి డాబా మీద పడుకున్నప్పుడు వినడానికి నా దగ్గర ఇంతకంటే మంచి ఆల్బమ్ లేదు.

ఇంతగా మెచ్చుకుంటున్నా, ఈ బ్యాండ్‌ని ఎక్కడ మొదలుపెట్టాలన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. నేను ఎవరికి చెప్పినా ముందు 1990 నాటి "హెవెన్ ఆర్ లాస్ వేగస్" వినమంటాను. పది పాటలు, నలభై నిమిషాల లోపే అయిపోతుంది. బ్రిటన్ ఆల్బమ్ చార్టులో ఏడో స్థానం దాకా వెళ్లింది. ఆ ఆల్బమ్ రికార్డు చేసేనాటికి, అప్పట్లో జంటగా ఉన్న ఫ్రేజర్, గుత్రీలకి పాప పుట్టి కొద్ది నెలలే. అదే సమయంలో రేమండ్ తండ్రి, సంగీత దర్శకుడు ఐవర్ రేమండ్ చనిపోయారు. గుత్రీ మాదకద్రవ్యాల వ్యసనంలో బాగా కూరుకుపోయి ఉన్నాడు. ఒక ఇంట్లో పుట్టుక, ఒక ఇంట్లో చావు, బ్యాండ్ లోపల బీటలు. ఇవేమీ తెలియకుండానే నేను ఆ ఆల్బమ్ చాలాకాలం విన్నాను. తెలిశాక, చివరి పాట మొదట్లో వచ్చే పియానో దగ్గర ఆగిపోతుంటాను. వినడానికి ఇంత వెలుగున్న సంగీతం అంత గందరగోళంలోంచి వచ్చిందంటే వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. ఆ తర్వాత ఫోర్ ఏడీతో వాళ్ల బంధం తెగిపోయింది.

తర్వాత "ట్రెజర్" వినాలి. పది పాటలకీ పది పేర్లు, ఐవో, పర్సెఫోనీ, పండోరా అంటూ. అభిమానుల్లో ఎక్కువమందికి ఇది ప్రాణం. విచిత్రం ఏమిటంటే బ్యాండ్‌లోని మగవాళ్లిద్దరికీ ఇది పెద్దగా నచ్చదు, పూర్తికాని పనిలా మాట్లాడారు. వాళ్లతో నేను ఒప్పుకోను. డ్రమ్ మెషీన్ మోత కొన్నిచోట్ల మొరటుగా ఉన్నమాట నిజమే. కానీ ఆ మొరటుదనం పక్కన ఉండబట్టే గొంతు అంత మృదువుగా తోస్తుంది. ఆ పైన "హెడ్ ఓవర్ హీల్స్", "బ్లూ బెల్ నాల్". మొదటి ఆల్బమ్ "గార్లాండ్స్" మాత్రం చివరికి ఉంచుకోవచ్చు. అందులో ఆమె ఇంకా తన గొంతు వెతుక్కుంటోంది, చీకటి ఎక్కువ, పాట తక్కువ.

1993 నాటి "ఫోర్ క్యాలెండర్ కఫే" గురించి మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. పాత అభిమానులు దాన్ని కొంచెం చిన్నచూపు చూస్తారు. అందులో మాటలు స్పష్టంగా వినిపిస్తాయి కాబట్టి మాయ పోయిందంటారు. ఫ్రేజర్, గుత్రీ విడిపోతున్న రోజుల ఆల్బమ్ అది. పదేళ్లకు పైగా మాటల్ని దాచుకున్న మనిషి, తన జీవితంలో కష్టమైన సమయంలో నోరు విప్పి చెప్పింది. దాన్ని నేను లోటుగా చూడలేను. ముప్పై దాటాక ఆ ఆల్బమ్ నాకు బాగా దగ్గరైంది. చివరిదైన "మిల్క్ అండ్ కిసెస్"లో మంచి పాటలున్నాయి గానీ, అలసట వినిపిస్తుంది.

లోపాలూ చెప్పాలి. వరసగా మూడు ఆల్బమ్‌లు వింటే ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి, ఏ పాట ఎక్కడిదో గుర్తుండదు. రోజుకి ఒక్కటి చాలు. ప్రయాణంలో, బస్సు హారన్ల మధ్య అస్సలు పనికిరావు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో గిటారు అంతా గజిబిజి ముద్దలా అయిపోయి, రేమండ్ బేస్ మాయమైపోతుంది. ఆ బేస్ లేకపోతే పాటకి వెన్నెముక ఉండదు, గాల్లో తేలే శబ్దం మాత్రమే మిగులుతుంది. చాలామంది ఈ బ్యాండ్‌ని "నిద్రపుచ్చే సంగీతం" అని కొట్టిపారేయడానికి ఇదే కారణమని నా అనుమానం. చెవుల్ని మొత్తం కప్పే మామూలు వైర్ హెడ్‌ఫోన్స్‌తో, సౌండ్ మధ్యస్థంగా పెట్టి వినండి. ఫోర్ ఏడీ ఆల్బమ్‌లలో చాలావాటిని 2003లో గుత్రీనే రీమాస్టర్ చేశాడు, అంటే ధ్వనిని మళ్లీ సరిదిద్దాడు, అవి నమ్మకంగా తీసుకోవచ్చు. ఎల్పీ కావాలనుకుంటే ఖర్చుకి సిద్ధపడాలి. నేను తెప్పించుకున్న ఒక రికార్డు వంకర తిరిగి వచ్చింది, అమ్మినవాళ్లు వాపసు తీసుకోవడానికి నానా తిప్పలూ పెట్టారు. డబ్బా విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోవడం మంచిది. అట్టలు మాత్రం ఆ ఖర్చుకి తగినవే. డిజైనర్లు వాన్ ఆలివర్, నైజెల్ గ్రియర్సన్ కలిసి తొలి ఆల్బమ్‌లకి చేసిన ఆ మసక రంగుల అట్టలు చూస్తూ వినడం వేరే అనుభవం.

ఈ గొంతుని మీరు ఇప్పటికే వినుండొచ్చు కూడా. "ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్" మొదటి భాగంలో, గండాల్ఫ్ అనే మాంత్రికుడు పోయాక లోత్‌లోరియెన్ అడవిలో ఎల్ఫులు పాడే శోకగీతం ఉంది కదా, అది ఎలిజబెత్ ఫ్రేజరే. మాసివ్ అటాక్ అనే బ్యాండ్ వాళ్ల "టియర్‌డ్రాప్" కూడా ఆమే. 1997లో ఆ పాట పని జరుగుతున్నప్పుడే, తనకి ఒకప్పుడు చాలా దగ్గరివాడైన గాయకుడు జెఫ్ బక్లీ మరణవార్త తెలిసింది ఆమెకి. అది తెలుసుకున్నాక ఆ పాట వినడం మరీ బరువైంది నాకు. అలాగే 1983లో ఫోర్ ఏడీ వాళ్ల దిస్ మోర్టల్ కాయిల్ అనే ప్రాజెక్టు పేరుతో ఆమె, గుత్రీ కలిసి చేసిన "సాంగ్ టు ద సైరన్". టిమ్ బక్లీ పాట అది, జెఫ్ తండ్రి. తోడుగా ఒక్క గిటారు మాత్రమే. ఎవరైనా ఆమెది స్టూడియో మాయ అంటే ఈ పాట వినిపిస్తాను.

అభిమానుల గురించి చెప్పాలంటే, ఇంత ఓపికైన అభిమానులు వేరే బ్యాండ్‌కి ఉన్నారా అన్నది నాకు అనుమానమే. ఒక్కో పాటలో మాటలేమిటో దశాబ్దాలుగా రాసుకుంటున్నారు, ఒకరు రాసింది ఇంకొకరు ఒప్పుకోరు. నేనూ నా స్నేహితురాలూ ఒకే పాటని చెరో రకంగా నేర్చుకుని, కలిసి పాడేటప్పుడు ఎవరిది వాళ్లం పాడేస్తాం. ట్యూన్ ఒకటే కాబట్టి గొడవ లేదు. బ్యాండ్ విడిపోయాక పుట్టిన పిల్లలు కూడా వస్తున్నారు. కొందరు ద వీకెండ్ అనే గాయకుడు తన తొలి మిక్స్‌టేప్‌లో "చెర్రీ కలర్డ్ ఫంక్" ముక్కని వాడుకుని చేసిన పాట ద్వారా, కొందరు "సీ, స్వాలో మీ" ద్వారా. ఆ రెండోది 1986లో పియానిస్టు హెరాల్డ్ బడ్‌తో కలిసి చేసిన "ద మూన్ అండ్ ద మెలొడీస్"లోది. దాని మీద బ్యాండ్ పేరు కూడా లేదు, నలుగురి పేర్లే ఉన్నాయి. టిక్‌టాక్‌లో కుర్రాళ్లు దాన్ని పట్టుకున్నాక 2024లో ఆ ఆల్బమ్ రీమాస్టర్ అయి మళ్లీ ఎల్పీగా వచ్చింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోన్ రింగ్‌టోన్‌గా అది మోగితే నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఆ మధ్యాహ్నం టీ బ్రేక్ మొత్తం "ట్రెజర్" గురించే.

2005లో అమెరికాలోని కోచెల్లా సంగీత ఉత్సవంలో మళ్లీ కలిసి పాడతామని ప్రకటించి, తర్వాత రద్దు చేసుకున్నారు. ఫ్రేజరే వెనక్కి తగ్గింది. అభిమానుల్లో కొందరికి ఆ బాధ ఇప్పటికీ పోలేదు, మళ్లీ ఎప్పుడు కలుస్తారని అడుగుతూనే ఉంటారు. నేను అడగను. అంత దగ్గరగా బతికి, అంత నొప్పితో విడిపోయిన మనుషుల్ని మన సంతోషం కోసం ఒకే వేదిక మీద నిలబెట్టాలనుకోవడం న్యాయం కాదు. ఆమె ఎప్పుడు పాడాలనుకుంటే అప్పుడు పాడుతుంది. 2022లో తన భాగస్వామి డేమన్ రీస్‌తో కలిసి సన్స్ సిగ్నేచర్ పేరుతో అయిదు పాటలు విడుదల చేసింది. గొంతు కాస్త ముదిరింది, తొందర తగ్గింది. కొన్ని మాటలు అర్థమవుతాయి, కొన్ని కావు. "హెవెన్ ఆర్ లాస్ వేగస్" మీకు నచ్చితే, మిగతా పాత ఆల్బమ్‌లన్నీ అయ్యేదాకా ఆగకుండా ఆ అయిదు పాటలు కూడా ఇప్పుడే వినేయండి.