పాత 4:3 వీడియోలు మార్చేటప్పుడు ఏది మేలు: సాగదీయడమా, కత్తిరించడమా, నల్ల పట్టీలా?

పాత క్యామ్‌కార్డర్ టేపులూ డీవీడీలూ ఎంపీ4లోకి మార్చుకునేవాళ్ళు ఎక్కువగా ఏ ఫార్మాట్, ఎంత బిట్‌రేట్ (సెకనుకి ఎంత డేటా) అని టెన్షన్ పడుతుంటారు గానీ, బొమ్మ నిజంగా పాడయ్యేది సైజు దగ్గరే. పాతవి 4:3 (వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు), ఇప్పటి టీవీలు 16:9. ఈ తేడాని ఎలా సర్దాలి? సాగదీయొచ్చు, పైనా కిందా కత్తిరించొచ్చు, పక్కల నల్ల పట్టీలు వేయొచ్చు, లేదా 4:3ని 4:3గానే వదిలేయొచ్చు. నా ఓటు చివరిదానికే.

సాగదీయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, వద్దు. బొమ్మ వెడల్పు మూడో వంతు పెరుగుతుంది, గోడ మీది గుండ్రటి గడియారం అడ్డంగా పెట్టిన కోడిగుడ్డులా అవుతుంది, మనుషులందరూ పొట్టిగా లావుగా కనిపిస్తారు. టీవీ రిమోట్‌తో సాగదీస్తే మళ్ళీ మామూలు చేసుకోవచ్చు, ఫైల్‌లోనే సాగదీస్తే మాత్రం చూసిన ప్రతిసారీ అంతే.

కత్తిరించడం చూడ్డానికి బాగుంటుంది, స్క్రీన్ నిండుతుంది, అందుకే చాలామంది దానికే మొగ్గుతారు. కానీ లెక్క చూడండి: 4:3 నుంచి 16:9 తీస్తే నాలుగో వంతు బొమ్మ పోతుంది, మన పాత టీవీ పద్ధతి పాల్‌లోని 576 అడ్డ గీతల్లో మిగిలేవి 432. వాటినే పెద్ద టీవీ నిండా పరిస్తే మసక మసకగా ఉంటుంది. పైగా తీసినవాళ్ళు ఆ 4:3 చట్రం చూసుకునే తీశారు కాబట్టి, నిలబడ్డ మనిషిని చూపించే షాట్లలో ముందు ఎగిరిపోయేది తలే. కొత్త వీడియోలతో కలిపి ఎడిట్ చేస్తుంటే కత్తిరించండి, కానీ ప్రతి షాట్‌కీ ఫ్రేమ్‌ని పైకో కిందకో చేత్తో జరుపుకోవాలి. ఇంకో సందర్భం, 4:3 లోపలే పైనా కిందా నల్ల పట్టీలతో వెడల్పు బొమ్మ ఉండటం. ఆ పట్టీల్ని నిస్సందేహంగా తీసేయండి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్ వాటిని దానంతటదే కనిపెడుతుంది, అయినా చీకటి సీన్లు ఎక్కువుంటే పొరబడొచ్చు, ప్రివ్యూ ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక పక్క పట్టీలు. 1920×1080 ఫ్రేమ్‌లో 4:3 బొమ్మ 1440×1080 మేర కూర్చుంటుంది, మిగతాది నలుపు. ఒట్టి నలుపుకి బిట్లు పెద్దగా ఖర్చు కావు, ఫైల్ సైజు గురించి బెంగ వద్దు. అసలు తంటా ఏంటంటే ఆ పట్టీలు శాశ్వతంగా అతుక్కుపోతాయి. అదే ఫైల్‌ని 4:3 స్క్రీన్ ఉన్న ట్యాబ్లెట్‌లో పెడితే పైనా కిందా కూడా నలుపు చేరి, బొమ్మ మధ్యలో చిన్నదైపోతుంది, నిండుగా కనిపించాల్సిన చోటే అన్నమాట. 4:3గా వదిలేస్తే అవసరమైన చోట ప్లేయరే పట్టీలు వేసుకుంటుంది, అవసరం లేని చోట వేయదు.

వదిలేయడంలోనూ ఒక మెలిక ఉంది. పాల్ డీవీడీ ఫ్రేమ్ 720×576, లెక్కేస్తే అది 5:4. అందులోని పిక్సెళ్ళు చతురస్రాలు కావు, ఎంత వెడల్పుగా చూపించాలో ఫైల్‌లో విడిగా రాసి ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్‌లో అనామార్ఫిక్ పెడితే ఆ సమాచారం అలాగే నిలుస్తుంది, పిక్సెళ్ళూ అన్నీ మిగులుతాయి. దాచుకునే కాపీకి నేనైతే ఇదే అంటాను. కొన్ని ప్లేయర్లూ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లూ ఆ రాతని పట్టించుకోవు, అప్పుడు మొహాలు సన్నగా నిలువుగా కనిపిస్తాయి, అందుకే పదిమందికి పంపే కాపీని 768×576కి మార్చేయడం క్షేమం. అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలోని 720×480 అయితే 640×480 కంటే 720×540 మేలు, అడ్డంగా ఉన్న వివరం ఏమీ పోదు.

ఎత్తుని 1080 గీతలకి పెంచితే బాగుంటుందా అంటే, లేని వివరం మామూలు స్కేలింగ్‌తో రాదు. పిక్సెళ్ళు మాత్రం దాదాపు నాలుగింతలై ఫైల్ బరువెక్కుతుంది, ఎలాగూ చూసేటప్పుడు టీవీ ఆ పని చేస్తుంది. తగ్గించడం వేరే సంగతి: చిన్న ఫైలే కావాలనుకుంటే 1080 వీడియోని తక్కువ బిట్‌రేట్‌లో ఇరికించి గళ్ళు గళ్ళుగా చేసుకునేకన్నా 720కి దించడం మంచిది, పిక్సెళ్ళు సగం కంటే తక్కువకి వస్తాయి.

ఏది ఎంచుకున్నా, ఇంటర్లేస్డ్ వీడియో (ఒక్కో ఫ్రేమ్‌ని సరి, బేసి గీతలుగా రెండు విడతల్లో తీసినది) అయితే ముందు డీఇంటర్లేస్ (ఆ విడతల్ని పూర్తి ఫ్రేములుగా మార్చడం), తర్వాతే సైజు. ఇది తిరగబడితే కదలికల దగ్గర దువ్వెన పళ్ళ గీతలు బొమ్మలో కలిసిపోతాయి, వాటిని తర్వాత ఏ ఫిల్టరూ శుభ్రంగా తీయలేదు. వెడల్పు, ఎత్తు రెండూ సరి సంఖ్యలే ఇవ్వండి, కమాండ్లతో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఎత్తు మాత్రం చెప్పి వెడల్పు దగ్గర -2 పెడితే నిష్పత్తి చూసుకుని అదే సర్దుతుంది.