బీచ్ రోడ్డులో చోడి అంబలి
ఆర్కే బీచ్‌లో ఉదయపు నడక ముగించుకుని వచ్చే దారిలో ఒక పెద్దావిడ నడిపే బండి దగ్గర నెల రోజులుగా చోడి అంబలి తాగుతున్నాను. రాత్రంతా పులిసిన పిండిని ఉడకబెట్టి, చల్లారాక పలుచని మజ్జిగ కలిపి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కలు పైన చల్లి, నంజుకోవడానికి ఒక పచ్చిమిరపకాయ కూడా ఇస్తారు. మన ఉత్తరాంధ్రలో చోళ్లు అని పిలుచుకునే రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పీచు కూడా బాగా ఉండడం వల్ల కాబోలు, ఇడ్లీ తిన్న రోజుకన్నా ఆకలి ఆలస్యంగా వేస్తోంది. ఉప్పు మాత్రం ఎక్కువ. రక్తపోటు ఉన్నవారు ముందే చెబితే ఆవిడ విసుక్కోకుండా విడిగా కలిపి ఇస్తారు. ప్లాస్టిక్ గ్లాసులు నచ్చక నేను ఇంటి నుంచి స్టీలు గ్లాసు తీసుకెళ్తున్నాను. ఎనిమిది దాటితే కుండ ఖాళీ అయిపోతుంది.