ఆరు పళ్లు తక్కువైన సైకిల్: బోర్మియోలో ఐదు రోజులు

ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్‌లో ఉన్న బోర్మియోకు సైకిల్ తొక్కడానికి వెళ్దామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. అక్కడి కనుమలు గొప్పవి, రోడ్లు గొప్పవి, మేం దిగిన ఇంటావిడ మరీ గొప్పది. ఒక్క సైకిళ్ల దుకాణం మాత్రం మా బావకు రెండు రోజులు నరకం చూపించి, పోతూ పోతూ ఇంకో 118 యూరోలు లాక్కుంది. నెలలు గడిచినా ఆ కోపం తగ్గలేదు.

వెళ్లింది ముగ్గురం: నేను, అక్క, బావ. సెప్టెంబరు మొదటి వారం. మిలానో నుంచి తిరానోకు రైలు రెండున్నర గంటలు, అక్కణ్నించి బస్సులో ఇంకో గంట. రైల్లో ఎడమ వైపు కూర్చోండి, కోమో సరస్సు ఆ వైపే ఉంటుంది.

నేనూ బావా తొక్కడానికి రెండు రోడ్ సైకిళ్లు మే నెలలోనే బుక్ చేశాను. ఒక్కోటి రోజుకు 45 యూరోలు, ఐదు రోజులకు రెండిటికీ కలిపి 450, మొత్తం ముందే కట్టాలి. అది కాక డిపాజిట్ కింద ఒక్కో సైకిల్‌కు 300 కార్డు మీద ఆపి ఉంచుతారు. ఫారంలో గేర్ల గురించి స్పష్టంగా రాశాను: ముందు పెడల్స్ దగ్గరుండే పళ్లచక్రాల్లో (చైన్‌రింగ్) చిన్నదానికి 34 పళ్లు, వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తిలో (క్యాసెట్) పెద్దదానికి 34 పళ్లు కావాలని. సరేనని జవాబు కూడా వచ్చింది. నాకిచ్చిన సైకిల్ అలాగే ఉంది. బావకిచ్చినదాంట్లో ముందు 36, వెనక 28. అడిగితే, మీరు అడిగిన రకం అయిపోయింది, పెద్ద తేడా ఏమీ ఉండదు, అంతా కాళ్లలోనే ఉంది అన్నాడు దుకాణం అతను. అప్పటికి సాయంత్రం ఏడు కావస్తోంది, షట్టర్ సగం దించేశాడు. ప్రయాణపు అలసటలో సరేనని సంతకం పెట్టేశాం.

తేడా ఎంతో లెక్క చెబుతాను. 34కి 34 వేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు చక్రం కూడా ఒక చుట్టే తిరుగుతుంది, సైకిల్ సుమారు 2.1 మీటర్లు ముందుకు పోతుంది. 36కి 28 అయితే అదే చుట్టుకు 2.7 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే మొదటిదాంట్లో గంటకు 7.5 కిలోమీటర్ల వేగం చాలు, రెండోదాంట్లో దాదాపు 10 కావాలి. పది శాతం వాలులో అంత వేగం రేసులు తొక్కే కుర్రాడికి ఉంటుందేమో. 52 ఏళ్ల మా బావకు లేదు. వేగం లేకపోతే చుట్లు తగ్గిపోతాయి, ప్రతి తోపుకూ శరీరం బరువంతా వేయాలి, ఆ భారమంతా మోకాళ్ల మీద పడుతుంది.

మొదటి రోజు కాంకానో సరస్సుల దాకా వెళ్లాం. మెలికలు తిరిగే రోడ్డు, పైన రాతి బురుజులు, హాయిగా గడిచింది.

రెండో రోజు గావియా కనుమ. బోర్మియో నుంచి 25 కిలోమీటర్లు, దాదాపు 1400 మీటర్ల ఎత్తు ఎక్కాలి. సాంతా కాతెరీనా ఊరి దాకా రోడ్డు మర్యాదగానే ఉంటుంది. ఆ ఊరు దాటాక అడవిలోకి వెళ్తుంది, అక్కణ్నించి వాలు ఎప్పుడు ఎలా పెరుగుతుందో తెలీదు. బావ మామూలుగా నోరు మూయని మనిషి. ఆ రోజు అడవిలోకి వచ్చాక ఒక్క మాట లేదు. రోడ్డుకు అడ్డంగా ఇటూ అటూ కోసుకుంటూ తొక్కుతున్నాడు. నేను మలుపు మలుపుకీ ఆగుతుంటే చివరికి అన్నాడు: "ఒరేయ్, నువ్వు పైకి వెళ్లిపో. నువ్వు అలా వెనక్కి తిరిగి చూస్తుంటే నాకు ఇంకా బరువుగా ఉంది."

వెళ్లాను. 2600 మీటర్లకు పైన కనుమ మీద ఒక విశ్రాంతి గృహం ఉంది, లోపల గోడల నిండా పాత రేసుల ఫోటోలు. 1988 జూన్ 5న జీరో ది ఇటాలియా రేసు ఈ కనుమ మీదుగానే మంచు తుఫానులో నడిచింది. అమెరికన్ ఆండీ హ్యాంప్‌స్టన్ ఆ రోజు నాయకుడి గులాబీ జెర్సీ తీసుకుని, చివరి దాకా నిలబెట్టుకున్నాడు. ఆ ఫోటోల ముందు కూర్చుని 4 యూరోల వేడి చాక్లెట్ తాగుతూ కిటికీలోంచి రోడ్డే చూస్తూ ఉన్నాను. యాభై నిమిషాల తర్వాత వచ్చాడు బావ. సైకిల్ గోడకి ఆనించి, కుడి మోకాలు రెండు చేతులతో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. "రేపటి నుంచి మీ అక్కతో పాటు వేడినీళ్ల స్నానాలకు పోతాను, నువ్వే తిరుగు" అన్నాడు. ఈ యాత్ర కోసం ఆయన ఏడాదంతా తెల్లవారుజామున లేచి సాధన చేశాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు.

దిగి నేరుగా దుకాణానికి వెళ్లాం. బుకింగ్ జవాబు ఫోన్‌లో చూపించాను. క్యాసెట్ మార్చమంటే, దాని డెరైలర్‌కు, అంటే గొలుసును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగానికి, 34 పట్టదన్నాడు. నిజమే, అది పొట్టి రకం. మరి సైకిలే మార్చండి అంటే లేవన్నాడు. మిగిలిన మూడు రోజుల 135 యూరోలు ఇచ్చేయండి అంటే గోడ మీది నిబంధనల కాగితం చూపించాడు. అక్క అప్పటిదాకా బయటే నిలబడి ఉంది. లోపలికొచ్చి, "ముందు ఆ సైకిల్ వాళ్లకి అప్పజెప్పి రసీదు తీసుకో తమ్ముడూ, అన్ని వైపులా ఫోటోలు కూడా తియ్యి" అంది. తీశాను. ఆ మాట ఎంత పనికొచ్చిందో తర్వాత తెలిసింది.

ఆ రాత్రి మా ముఖాలు చూసి ఇంటావిడ సంగతి అడిగింది. అర్థమయ్యాక ఎవరికో ఫోన్ చేసి, పొద్దున ఎనిమిదికి వెళ్లండి అని ఒక వీధి పేరు రాసిచ్చింది. అది దుకాణం కూడా కాదు, బోర్డు లేని మరమ్మతుల షెడ్డు. అక్కడి పెద్దాయన ముందు బావ మోకాలు చూశాడు, తర్వాత కాలి పొడవు కొలిచి సీటు ఎత్తు సరిచేశాడు, క్యాసెట్ పళ్లు మా ఎదుటే వేలితో లెక్కపెట్టి చూపించాడు. ముప్పై నాలుగు. రోజుకు 50 యూరోలు, డిపాజిట్ లేదు, పాస్‌పోర్టు జిరాక్స్ చాలన్నాడు. ఆ రోజంతా మోకాలికి విశ్రాంతి ఇమ్మన్నాడు, దానికి అద్దె తీసుకోలేదు.

నాలుగో రోజు స్టెల్వియో కనుమ. బోర్మియో నుంచి నేరుగా ఎక్కి దిగిపోవచ్చు, 21.5 కిలోమీటర్లు. నా సలహా అడిగితే అంతటితో ఆగకండి. మేం ముందు ఉంబ్రాయిల్ కనుమ దాటి స్విట్జర్లాండ్‌లోకి దిగి, లోయ వెంట మళ్లీ ఇటలీలోని ప్రాతోకు వచ్చి, అటు నుంచి స్టెల్వియో ఎక్కాం. మొత్తం నూరు కిలోమీటర్ల పైన, ఎక్కుడే 3000 మీటర్లు. ప్రాతో వైపు నుంచి 24 కిలోమీటర్లు, 48 హెయిర్‌పిన్ మలుపులు. కింద 48తో మొదలై పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ వస్తాయి, ప్రతి మలుపులోనూ అంకె రాసి ఉంటుంది. ఈ రోడ్డు 1820 నుంచి 1825 మధ్య వేసింది, ఇంజనీరు కార్లో దోనెగాని. రెండు వందల ఏళ్ల కింద గుర్రపు బండ్ల కోసం వేసిన రోడ్డు కాబట్టి వాలు అన్యాయంగా పెరగదు, సరైన గేరుంటే ఒకే లయలో ఎక్కేయొచ్చు. బావ ఎక్కాడు. 22వ మలుపు దగ్గర పక్కన ఓర్ట్‌లర్ శిఖరం మంచుతో కనిపించినప్పుడు మళ్లీ కబుర్లు మొదలుపెట్టాడు. ఆ గొంతు వినగానే నాకు కళ్లు చెమర్చాయి.

పైన 2757 మీటర్ల దగ్గర అక్క మాకోసం ఎదురుచూస్తోంది. 60 యూరోలకు బ్యాటరీ సైకిల్ తీసుకుని బోర్మియో వైపు నుంచి వచ్చింది. దారిలో సొరంగాలున్నాయి, లైట్లు తప్పనిసరి అని చెప్పింది. మోటారు సైకిళ్ల మోత మాత్రం భరించలేం. ఏడాదిలో కొన్ని రోజులు ఈ కనుమల మీద మోటారు వాహనాలను ఆపి సైకిళ్లకే వదిలేస్తారు. మీ తేదీలు వాటికి కలిసేలా చూసుకోండి.

ఇల్లు మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ముగ్గురికి గది రాత్రికి 110 యూరోలు, పొద్దుటి టిఫిన్‌తో. మనిషికి రోజుకు 2 యూరోలు ఊరి పన్ను వేరే. సైకిళ్లకు తాళం వేసిన నేలమాళిగ, కడుక్కోవడానికి నీళ్ల పైపు, గాలి పంపు. పొద్దున బయల్దేరేటప్పుడు మాకు పాత వార్తాపత్రికలు మడిచి ఇచ్చేది, దిగేటప్పుడు జెర్సీ లోపల ఛాతీ మీద పెట్టుకోమని. పైన ఎండ కాసినా దిగుడులో గాలి ఎముకల్లోకి దూరుతుంది. ఆ కాగితం విండ్ జాకెట్ కంటే బాగా పనిచేసింది.

బావ శాకాహారి, తిండి ఎలా అని అక్కకు టెన్షన్. పెద్ద వీధిలో ఒక రెస్టారెంటులో పిత్సోక్కెరి అనే అక్కడి పాస్తా తెప్పించుకుంటే చల్లారిపోయి ముద్దగా ఉంది. ప్లేటు 16 యూరోలు, కూర్చున్నందుకు తలకు 3. అది తెలిసి మర్నాడు ఇంటావిడ తనే వండింది, తలకు 10 యూరోలు. బక్‌వీట్ పిండితో చేసిన పట్టీలు, ఆలుగడ్డ, క్యాబేజీ, ఆ లోయలోనే చేసే కాసేరా చీజ్, పైన వెల్లుల్లి వేసి కాచిన వెన్న. వెల్లుల్లి వెన్న చుయ్‌మంటూ పోసినప్పుడు వచ్చిన వాసనకే సగం అలసట పోయింది. బావ మూడుసార్లు పెట్టించుకున్నాడు.

ఐదో రోజు మోర్తిరోలో కనుమ, మాద్జో ఊరి నుంచి. పన్నెండు కిలోమీటర్లు, సగటు వాలు 10.5 శాతం. 34 పళ్లతో కూడా నేను రెండుసార్లు దిగాను. 28తో బావను దీనికి పంపడానికి సిద్ధపడిన మనిషిని క్షమించలేను.

ఆ సాయంత్రం నా సైకిల్ తిరిగివ్వబోతే, మూడు రోజుల కింద ఇచ్చేసిన బావ సైకిల్‌కు డెరైలర్‌ను పట్టి ఉంచే ముక్క (హ్యాంగర్) వంగిందని 118 యూరోలు కోసేశారు. రసీదు చూపిస్తే అప్పుడు గమనించలేదన్నారు. బ్యాంకులో ఫిర్యాదు చేసి రసీదూ, సమయం నమోదైన ఫోటోలూ పెట్టాను. ఆరు వారాలకు 118 తిరిగొచ్చాయి. 135 రాలేదు.

కాబట్టి సైకిల్ చేతికొచ్చాక ముందు పళ్లు లెక్కపెట్టండి, సంతకం తర్వాత. పెడల్స్ మీవే తీసుకెళ్లండి. షట్టర్ దించుతున్నారని తొందరపడకండి.

వచ్చే సెప్టెంబరుకు అక్క అదే ఇంట్లో గది చెప్పేసింది. షెడ్డు పెద్దాయనకు నేను రాస్తే రెండు రోజుల్లో జవాబొచ్చింది: సైకిళ్ల మీద మా ఇద్దరి పేర్లు రాసిన చీటీలు, పక్కనే వెనక చక్రం ఫోటో, పెద్ద పళ్లచక్రం మీద చెక్కిన 34 అంకె కనిపించేలా.